బట్టల కోసం అప్పు వద్దు, అలాగని చిన్నబోవడమూ వద్దు



కాలేజీలు తెరుస్తున్నారు. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు, సీతంపేట వైపు నుంచి మన తమ్ముళ్లు, చెల్లెళ్లు పెట్టెలు సర్దుకుని పట్నం బయల్దేరుతున్నారు. సీట్లు, ఫీజులు, హాస్టళ్ల గురించి అందరం మాట్లాడుకుంటున్నాం. బట్టల గురించి మాత్రం ఎవరం నోరు విప్పం. అదేదో సిగ్గుపడాల్సిన విషయం అన్నట్టు ఉంటాం.

ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉన్నన్నాళ్లూ మనకు యూనిఫాం ఉండేది. బాగున్నా బాగోకపోయినా అందరిదీ ఒకటే రంగు. డిగ్రీకొచ్చాకే మొదటిసారి "రేపు ఏం వేసుకోవాలి?" అనే ప్రశ్న ఎదురవుతుంది. ఉన్న రెండు జతలే మార్చి మార్చి వేసుకుంటుంటే వెనక బెంచీలో ఎవరో నవ్వుతారు. ఫ్రెషర్స్ పార్టీ రోజు కొందరు "జ్వరం వచ్చింది" అని రూములోనే పడుకుంటారు. ఆ జ్వరమేంటో మనకు తెలియదా?

"బట్టలదేముందిరా, చదువుకో చాలు" అంటారు పెద్దలు. ఆ మాటతో మేం సగమే ఒప్పుకుంటాం. బట్టలు గౌరవానికి సంబంధించిన విషయమని అంబేడ్కర్‌కు తెలుసు. 1927 డిసెంబరులో మహద్‌లో ఆయన దళిత మహిళలతో మాట్లాడినప్పుడు, అంటరానివాళ్లని గుర్తుపట్టేలా చేసే కట్టు, నగలు వదిలేయమన్నారు. కాబట్టి శుభ్రంగా, నలుగురిలో తల ఎత్తుకునేలా ఉండాలనుకోవడం షోకు కాదు. దానికోసం అప్పులపాలు కావడమే తప్పు.

ఫోన్‌లో "ఐదు నిమిషాల్లో లోన్" అని కనిపించే యాప్‌ల జోలికి పోవద్దు. వాటిలో చాలా వరకు అప్పులో కొంత ముందే కోసుకుని మిగతాది ఇస్తాయి, వారం తిరిగేసరికి మొత్తం కట్టమంటాయి. ఆలస్యమైతే మన ఫోన్‌లోని నంబర్లన్నిటికీ ఫోన్ చేసి పరువు తీస్తారు. ఇలాంటి వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో పోలీసులు ఈ యాప్‌ల ముఠాలను అరెస్టు కూడా చేశారు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని మనం దాన్ని నమ్ముకుని అప్పు చేయడం ఇంకా ప్రమాదం.

మరి ఏం చేయాలి? ముందు పెట్టెలో ఉన్నవన్నీ బయటకు తీయండి. వదులైన చొక్కాను పక్కల కుట్టించుకుంటే కొత్తదానిలా కూర్చుంటుంది. కాలర్ అరిగితే టైలర్ దాన్ని విప్పి తిప్పి కుడతాడు, చొక్కా ఇంకో ఏడాది వస్తుంది. ఇవి మన సంతలో మిషన్ పెట్టుకున్న టైలర్ దగ్గర తక్కువలో అయిపోతాయి. బట్టలు తిరగేసి ఉతికి నీడలో ఆరేస్తే రంగు నిలుస్తుంది. ఇస్త్రీ చేసిన పాత చొక్కా, నలిగిన కొత్త చొక్కా కంటే వెయ్యి రెట్లు నయం.

కొనక తప్పదంటే నలుపు, నేవీ బ్లూ లాంటి రంగుల్లో రెండు ప్యాంట్లు, వాటి మీదకి నప్పే నాలుగు లేత రంగు చొక్కాలు తీసుకోండి. ఎనిమిది రకాలుగా మార్చుకోవచ్చు. అమ్మాయిలు కూడా ఏ కుర్తాకైనా సరిపోయే లెగ్గింగ్స్, చున్నీలు చూసుకుంటే సరి. ఆషాఢం తగ్గింపులు మనకు కాలేజీలు తెరిచే రోజుల్లోనే వస్తాయి. కానీ "ఒకటి కొంటే రెండు ఉచితం" చూసి మోసపోవద్దు, మనకు కావాల్సింది ఒకటే అయితే మిగతా రెండూ దండగే. కుట్లు, జిప్పు, చంకల దగ్గర గుడ్డ చూసి మరీ తీసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట సీనియర్లకు. ఉద్యోగాలొచ్చినవాళ్ల బీరువాల్లో పొట్టయిన చొక్కాలు, ఒక్కసారి వేసిన ఫార్మల్ ప్యాంట్లు, షూలు ఊరికే పడి ఉంటాయి. ప్రతి పట్నంలో మనవాళ్ల రూము ఒకదాంట్లో ఒక పెట్టె పెడదాం. ఉతికి, ఇస్త్రీ చేసినవే అందులో వేద్దాం. చిరిగినవి పడేసే చోటుగా మార్చొద్దు. ఇంటర్వ్యూ ఉన్న తమ్ముడు తీసుకెళ్లి, పని అయ్యాక ఉతికి తెచ్చి పెడతాడు. ఇది దానం కాదు. ఊళ్లో ఒకరి చేనుకి ఇంకొకరు పనికెళ్లే అలవాటు మనకు కొత్తా?

ఇంకొకటి. మన అమ్మమ్మలు కట్టే కట్టు, కుట్టే అల్లికలు ఆగస్టు 9న స్టేజీ మీద ఫొటోలకే పరిమితం కావాలా? అవ్వ కుట్టిన అద్దాల పని ముక్కను సంచికి వేసుకుని క్లాసుకి పోవచ్చు. పైసా ఖర్చు లేదు. అలాంటిది షోరూములో వేలు పెట్టినా దొరకదు.

ఈ వారమే మొదలుపెడదాం. మీ పట్నంలో పెట్టె ఎవరి రూములో పెట్టొచ్చో కింద రాయండి. బట్టల్లేక ఒక్క తమ్ముడు, ఒక్క చెల్లి కూడా క్లాసు మానొద్దు.

జై జోహార్!