స్వరవీథి: దిగులు పాటలోని కబురు

రాక్ సంగీతమంటే చెవులు చిల్లులు పడే హోరేనని మనలో పెద్దల అభిప్రాయం. దానిని కొంత సడలించగల ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’. ఇంగ్లండులోని మాంచెస్టర్ ప్రాంతానికి చెందిన జాయ్ డివిజన్ బృందం 1979 జూన్‌లో వెలువరించిన తొలి ఆల్బమ్ ఇది. నలుగురు సభ్యులూ అప్పుడే ఇరవై దాటినవారు. ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే చిన్న స్వతంత్ర సంస్థ దీనిని విడుదల చేసింది.

సాంకేతిక రంగంలోని మనకు ముందుగా ముఖచిత్రమే ఆసక్తి కలిగిస్తుంది. నల్లని అట్టపై వరుసగా పేర్చిన తెల్లని రేఖలు, 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ గుర్తించిన తొలి పల్సార్ నుండి అందిన రేడియో స్పందనలు. సుమారు 1.34 సెకన్లకు ఒక స్పందన చొప్పున అది దూరాన ఉండి తన ఉనికిని తెలుపుతూనే ఉంటుంది.

ధ్వనిముద్రణ స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో జరిగింది. నిర్మాత మార్టిన్ హానెట్ డ్రమ్ములను విడివిడిగా వాయింపజేశారు. డిజిటల్ డిలే పరికరంతో ప్రతిధ్వనులు కల్పించారు. లిఫ్టు చప్పుడును, గాజు పగిలే శబ్దాన్ని సైతం పాటలలో చేర్చారు. వేదికపై ఉరిమే బృందం ఇందులో ఖాళీ గోదాములో వాయిస్తున్నట్లు వినిపిస్తుంది. వాద్యాల నడుమ విడిచిన ఆ ఖాళీలోనే దిగులు గూడు కట్టుకున్నది. తమ వాద్యాల పదును తగ్గిందని గిటార్ వాయించిన సమ్నర్, బేస్ వాయించిన హుక్ ఆనాడు నొచ్చుకున్నారు.

గాయకుడు, గీతరచయిత ఇయాన్ కర్టిస్ మనవలెనే ప్రభుత్వోద్యోగి. ఉపాధి కార్యాలయంలో వికలాంగులకు పనులు చూపే విధి అతనిది. అక్కడికి వచ్చే ఒక యువతి మూర్ఛవ్యాధితో మరణించిందని తెలిసి రాసినదే ‘షీజ్ లాస్ట్ కంట్రోల్’. 1979 జనవరిలో అతనికీ అదే వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయినది. 1980 మే 18న, అమెరికా పర్యటనకు బయలుదేరవలసిన ముందునాడు, 23 ఏళ్ల వయసులో అతడు ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ పాటల మాటలను ఆనాడు తాము అంతగా పట్టించుకోలేదని తోటి సభ్యులే తరువాత చెప్పుకున్నారు. రోజూ పక్కన నిలిచి వాయించినవారి మాట ఇది!

దిగులు పాటలు వినే పిల్లలందరూ దుఃఖంలో ఉన్నారని భావించనక్కరలేదు. చాలమందికి అవి ఓదార్పే. అయినను, మన అబ్బాయి గదిలోనో, అమ్మాయి గదిలోనో ఇటువంటి పాట మ్రోగుతున్నప్పుడు, ‘సౌండు తగ్గించు’ అనేముందు ఒక్క పాటసేపు పక్కన కూర్చుని వినండి. ‘ఇందులో నీకేం నచ్చింది?’ అని అడగండి. జవాబు ఎంత చిన్నదైనా పూర్తిగా వినండి.