క్లబ్బుకూ కన్వెన్షన్‌కూ ఉండవలసిన సంబంధంపై సర్వసభ్య సమావేశ తీర్మానం

మన సైన్స్ ఫిక్షన్ పాఠకుల సంఘం తరఫున ఏటా కన్వెన్షన్ (అభిమానుల మహాసభ) జరపాలన్న కార్యవర్గ ప్రతిపాదనను ఈ సర్వసభ్య సమావేశం చర్చించింది. ఈ బాటలో ముందు నడిచిన క్లబ్బుల అనుభవాన్ని పరిశీలించి ఈ క్రింది తీర్మానాన్ని ఆమోదిస్తున్నది.

కన్వెన్షన్లు క్లబ్బుల్లోంచే పుట్టాయని ఈ సమావేశం గుర్తిస్తున్నది. 1934లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ ‘వండర్ స్టోరీస్’ పత్రిక ద్వారా సైన్స్ ఫిక్షన్ లీగ్‌ను ప్రారంభించాక ఊరూరా శాఖలు వెలిశాయి. 1937 జనవరి 3న ఇంగ్లండులోని లీడ్స్ శాఖ థియోసాఫికల్ హాలులో జరిపిన సభకు ఇరవై మందికి మించి రాలేదు. దానికి కొద్ది నెలల ముందే న్యూయార్క్ అభిమానులు కొందరు రైలెక్కి ఫిలడెల్ఫియా మిత్రులను కలిశారు. ఏది మొదటి కన్వెన్షన్ అన్న వాదం నేటికీ తేలలేదు. రెంటినీ జరిపింది మాత్రం పాఠకులే.

ఆ లీగ్ లాస్ ఏంజెలెస్ శాఖ కూడా 1934లోనే మొదలైంది. 1937లో హైస్కూలు కుర్రాడైన రే బ్రాడ్‌బరీ క్లిఫ్టన్స్ కాఫెటీరియాలో జరిగే దాని సమావేశాలకు వచ్చి చేరాడు. మరుసటి ఏడాది అతని తొలి కథ అచ్చయింది ఆ క్లబ్బు పత్రిక ‘ఇమాజినేషన్!’లోనే. ఆ క్లబ్బు 1973లో సొంత ఇల్లు కొనుక్కుంది, 1975లో లాస్‌కాన్ అనే కన్వెన్షన్ మొదలుపెట్టింది. కన్వెన్షన్ వచ్చాక కూడా గురువారం సమావేశాలు మానలేదు. మనకు కావలసిన వరస ఇదేనని ఈ సమావేశం గట్టిగా నమ్ముతున్నది.

బోస్టన్‌లో 1967లో ఏర్పడ్డ నెస్ఫా క్లబ్బు అనుభవం హెచ్చరిక వంటిది. దాని కన్వెన్షన్ బోస్కోన్ 1987 నాటికి నాలుగు వేల మందిని దాటి, అదుపు తప్పింది. హోటల్ చేజారింది. మరుసటి ఏడాది స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తరలి, కావాలనే చిన్నదై, పుస్తకాల వైపు మళ్లింది. మినియాపొలిస్ వారి మినీకాన్ కూడా 1999లో తనను తాను కుదించుకుంది. పెద్ద జాతర కోరుకున్నవారు అదే ఏడాది కన్వర్జెన్స్ పేరిట వేరుగా పెట్టుకున్నారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏ క్లబ్బుకైనా తాను మోయగల బరువెంతో ముందే తెలిసి ఉండాలి.

మరో హెచ్చరిక కూడా ఉంది: 1939 జులైలో న్యూయార్క్‌లో తొలి ప్రపంచ కన్వెన్షన్ (వరల్డ్‌కాన్) జరిగినప్పుడు, క్లబ్బుల మధ్య కక్షల వల్ల ఫ్యూచరియన్లు అనే మరో క్లబ్బువారిలో కొందరిని నిర్వాహకులు గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆగిపోయినవారిలో ఫ్రెడరిక్ పోల్, డొనాల్డ్ వోల్‌హైమ్ ఉన్నారు. ఆ తర్వాత ఇద్దరూ ఈ సాహిత్యంలో పేరున్న సంపాదకులయ్యారు. మన గుమ్మం దగ్గర ఇలాంటిది ఎన్నటికీ జరగరాదు.

కాబట్టి ఈ సమావేశం తీర్మానించినదేమనగా: కన్వెన్షన్ సంఘం చేతుల్లోనే ఉండాలి, దాన్ని ఏ కంపెనీకీ అప్పగించరాదు. నిర్వహణ కమిటీలో ఎవరికీ జీతం ఉండదు. అతిథులకు ప్రయాణ ఖర్చులు ఇవ్వవచ్చు. కన్వెన్షన్ పనుల పేరుతో వారపు సమావేశాన్ని ఒక్కసారి కూడా రద్దు చేయరాదు. తేదీలు కుదరకపోతే కన్వెన్షనే వాయిదా పడాలి. ఎంతమందికి చోటిస్తామో ముందే ప్రకటించి, ఆ సంఖ్య నిండగానే టికెట్లు ఆపాలి. సంఘంలో మనస్పర్థలున్నాయని ఏ పాఠకుణ్ణీ, పాఠకురాలినీ రాకుండా ఆపరాదు. తోటివారిని వేధించేవారి సంగతి వేరు, వారిని వెంటనే బయటికి పంపాలి.

కన్వెన్షన్‌కు ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరవాలి. మిగులు మొదట గ్రంథాలయానికీ, తర్వాత అచ్చులో దొరకని కథల ప్రచురణకూ వెళ్లాలి. ఈ విషయంలో నెస్ఫా క్లబ్బు ప్రచురణ సంస్థ నెస్ఫా ప్రెస్ మనకు ఆదర్శం. 1993లో అది కార్డ్‌వెయినర్ స్మిత్ కథలన్నిటినీ ఒకే సంపుటంగా తెచ్చింది.

కన్వెన్షన్ జరిగినన్ని రోజులూ ద్వారం దగ్గర సంఘం బల్ల ఉండాలి. అక్కడ కూర్చునే సభ్యులు కొత్తవారికి వచ్చే వారపు సమావేశం చోటు, వేళ చెప్పి, చదవడానికి ఒక పుస్తకం అరువివ్వాలి. అరువు పుస్తకాల జాబితాను, జమాఖర్చులను కార్యదర్శి నెల రోజుల్లోగా సభ్యుల ముందుంచాలి.

ఈ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.