కనపడని నాణేనికి కళ్ళముందున్న నగలా?

బిట్‌కాయిన్, క్రిప్టో అన్న మాటలు వినపడగానే "అదంతా మగవాళ్ళ గొడవ, కంప్యూటర్ చదువుల వాళ్ళ వ్యవహారం" అని మనలో చాలామందిమి టీవీ చానెల్ మార్చేస్తాం. మరి ఆ నాణేలు కొనే డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? నాకు తెలిసిన ఒకావిడ, కూతురి పెళ్ళికని దాచిన నాలుగు గాజులూ 2021లో తాకట్టుకి వెళ్ళాయి. "ఆరు నెలల్లో రెట్టింపు చేసి తెస్తానమ్మా" అన్నాడు కొడుకు. గాజులు ఇంటికి తిరిగి రాలేదు. ఇప్పుడు చెప్పండి, ఇది మన గొడవ కాదా?

అసలు సంగతేమిటో చూద్దాం. ప్రభుత్వం, బ్యాంకు ప్రమేయం లేకుండా మనుషులు నేరుగా ఒకరికొకరు డబ్బు పంపుకోవచ్చంటూ 2008లో సతోషి నకమోతో అనే పేరుతో ఎవరో బిట్‌కాయిన్ పథకాన్ని ఇంటర్నెట్లో పెట్టారు. ఆ పేరు వెనక ఉన్నదెవరో ఇప్పటికీ తేలలేదు. 2010 మేలో అమెరికాలో ఒకాయన రెండు పీజాల కోసం 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చేశాడు. అదే నాణెం 2021 నవంబరుకి ఒక్కొక్కటీ 69 వేల డాలర్ల దాకా ఎగబాకింది. ఏడాది తిరిగేసరికి 16 వేలకి జారిపోయింది.

ఎందుకింత ఎగుడుదిగుడు? దాని వెనక పొలం లేదు, ఫ్యాక్టరీ లేదు, నెలనెలా వచ్చే అద్దె లేదు. రేపు ఇంకొకరు ఎక్కువ పెట్టి కొంటారన్న ఆశే దాని ధర. ఆశ సన్నగిల్లితే ధరా అంతే. 2022 మేలో టెర్రా, లూనా అనే జంట నాణేలు కొద్దిరోజుల్లోనే కుప్పకూలాయి. టెర్రాలో దాచుకుంటే ఏడాదికి 20 శాతం దాకా వడ్డీ అని ఊరించారు మరి! అదే ఏడాది నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద సంస్థ దివాలా తీసింది. జనం నమ్మి ఉంచిన సొమ్మును యజమాని తన మరో కంపెనీకి మళ్ళించాడు. 2024 మార్చిలో అమెరికా కోర్టు అతనికి 25 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. పేరు కొత్తది, మోసం పాతదే. చీటీల డబ్బుతో ఉడాయించినవాళ్ళు చేసేదీ ఇదే కదా!

"మళ్ళీ పెరిగిందిగా?" అంటారు. నిజమే. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. 2025 అక్టోబరులో లక్షా పాతికవేలు కూడా దాటి, మరుసటి నెలలోనే లక్ష కిందకి దిగింది. ఎల్ సాల్వడార్ దేశం 2021లో దాన్ని అధికార కరెన్సీగా ప్రకటించింది. ఎవరూ తప్పనిసరిగా తీసుకోనక్కర్లేదని 2025 జనవరిలో చట్టం మార్చుకుంది. ఒక దేశమే అటూ ఇటూ ఊగితే, నెల జీతం మీద బతికే మనమెంత?

మన ప్రభుత్వం 2022 బడ్జెట్‌లో క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను వేసింది. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేసుకునే వీలు కూడా లేదంది. "పన్ను కడుతున్నాం కాబట్టి సర్కారు పూచీ ఉంటుంది" అని కొందరి భ్రమ. పన్ను వేరు, పూచీ వేరు.

ఎవరూ కొనకూడదని నేననను. మిగులు డబ్బుతో, పోయినా ఫరవాలేదనుకుని కొనుక్కుంటే అది వాళ్ళిష్టం. కానీ ఇంటి సొమ్ము కదిలేముందు ఇల్లాలు మూడు ప్రశ్నలు అడిగి తీరాలి. ఈ డబ్బు ఎక్కడిది? అంతా పోయినా పిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఆగకుండా ఉంటాయా? ఆ ఖాతా పాస్‌వర్డు ఇంట్లో ఇంకొకరికి తెలుసా? మనిషికేదైనా అయితే ఆ సొమ్ము చేతికి రావడమూ కష్టమే.

"నీకేం తెలుసు, ఊరుకో" అంటే ఊరుకోకండి. సంతకం పెట్టమన్నప్పుడు, మెడలోది తీసి ఇమ్మన్నప్పుడు మన తెలివి మీద ఎవరికీ అనుమానం రాదు. అడిగినప్పుడే వస్తుంది. అందుకే తప్పకుండా అడగాలి.