పల్లెకు ముందు చేరవలసినది సిగ్నలా, షరతా?

"తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది" అన్న పొడుపు కథ విననివారు మనలో అరుదు. ఆ పిట్ట పేరు ఉత్తరం. ఉత్తరం తరువాత తంతి వచ్చినది, తంతి తరువాత టెలిఫోను వచ్చినది, ఇప్పుడు తీగ కూడా అక్కరలేని ఫోను చేతికొకటిగా ఉన్నది. 2013 జులైలో ప్రభుత్వం తంతి సేవలను శాశ్వతంగా నిలిపివేసినప్పుడు దేశంలో ఏ పనీ ఆగలేదు. ఆ పని చేయగల సాధనం అప్పటికే జనం జేబుల్లో ఉన్నది. అయితే ఒక్క భేదాన్ని మనం గమనించవలసి ఉన్నది. ఉత్తరం ఆలస్యంగానైనా ఊరు చేరేది. బస్సు పోని గూడేనికి టపా మోసేవాడు కాలినడకన పోయేవాడు. సిగ్నలు అట్లు నడిచి పోదు. కొండ అడ్డు వచ్చినచోట ఆగిపోతుంది, టవరు లేనిచోట అసలే ఉండదు.

నగరంలో ఉండి చదువుకొనేవారికి ఇది వ్యాసానికి తగిన విషయమేనా అన్న సందేహం కలుగవచ్చు. ఫోనులో మాట తెగిపోతే కిటికీ దగ్గరకు వెళ్లి మాట్లాడుకొంటాం; అంతటితో సమస్య తీరుతుంది. కాని నేడు రేషను బియ్యానికీ, కూలి హాజరుకూ, కళాశాల ప్రవేశానికీ, బ్యాంకులోని సొంత డబ్బుకూ తలుపు ఒక్కటే అయినది. ఆ తలుపు పేరు నెట్‌వర్కు. సిగ్నలు లేకపోవడం ఒక కొరత. సిగ్నలు లేనిచోట దానినే షరతుగా పెట్టడం అన్యాయం. కొరత తీరడానికి కాలం పట్టవచ్చు, అన్యాయాన్ని మాత్రం ఒక ఉత్తరువుతో ఈ పూటనే ఆపవచ్చు. ఈ రెండింటినీ వేరుచేసి చూడాలన్నదే మా మనవి.

మన దేశంలో ఈ సాధనం పుట్టుకే నగరంలో జరిగినది. 1995 జులై 31న కలకత్తా నుండి నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన మాటయే తొలి సెల్‌ఫోను సంభాషణ. వచ్చిన పిలుపుకు సైతం రుసుము చెల్లించవలసిన ఆ రోజుల్లో అది ధనికుల వస్తువు. 2003లో వచ్చే పిలుపులకు రుసుము తొలగినది, చేతి ఫోను సామాన్యునికి దగ్గరైనది. 2016 తరువాత ఇంటర్నెట్ చౌకైనది. ఇదంతా నిజమైన ప్రగతి. అయితే పల్లెను దృష్టిలో పెట్టుకొని సాధనాన్ని తయారుచేసిన సందర్భం అంతకు పూర్వమే మన చరిత్రలో ఉన్నది. 1984లో నెలకొల్పిన సి-డాట్ సంస్థ 128 లైన్ల గ్రామీణ టెలిఫోను ఎక్స్ఛేంజిని రూపొందించినది. శీతల యంత్రాల అవసరం లేకుండా, మన ఎండకూ దుమ్ముకూ తట్టుకొనేటట్లు దానిని తీర్చిదిద్దారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అది పని ప్రారంభించినది. నగరంలో మిగిలినది పల్లెకు పంపడం వేరు, పల్లె కొరకే ఆలోచించడం వేరు. ఆ రెండవ దారిని మనవారే ఒకసారి నడిచి చూపించారు.

సిగ్నలు చేరితే పల్లెకు ఏమి ఒరుగుతుంది అని ప్రశ్నించేవారికి కేరళ జాలర్లు సమాధానం చెప్పగలరు. 1997 నుండి 2001 వరకు ఉత్తర కేరళ తీరంలో సెల్‌ఫోను సేవలు ఒక్కొక్క ప్రాంతానికీ విస్తరించినవి. ఆ మార్పును రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త పరిశీలించి 2007లో ప్రచురించాడు. అంతకు ముందు ఒక రేవులో కొనేవారు లేక చేపలు పారబోస్తుంటే పక్క రేవులో చేపలు దొరకని పరిస్థితి. ఫోను వచ్చిన తరువాత జాలరి సముద్రంలో ఉండగానే ధర తెలుసుకొని పడవను తగిన రేవుకు తిప్పుకొన్నాడు. పారబోయడం దాదాపు నిలిచిపోయినది. జాలరి లాభం సగటున నూటికి 8 వంతులు పెరిగినది, కొనుగోలుదారునికి ధర నూటికి 4 వంతులు తగ్గినది. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ బాగుపడిన బేరం లోకంలో అరుదు.

అంత దూరం పోనవసరం లేదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల నుండి గల్ఫు దేశాలకు వలస పోయినవారి ఇళ్లు మన ఎదుటనే ఉన్నవి. ఒకనాడు ఆ తల్లులూ భార్యలూ తమ మాటలను క్యాసెట్టులో నింపి, ప్రయాణమై పోయేవారి చేతికిచ్చి పంపుకొనేవారు. జవాబు రావడానికి నెలలు పట్టేది. నేడు కొడుకు ముఖాన్ని చేతిలో చూసుకొని మాట్లాడుతున్నారు. ఆ ఇంటికి సిగ్నలు విలాసమని ఏ నోటితో అనగలం?

ఇక కొరత సంగతి. 2024 మార్చి నాటికి దేశంలో పట్టణ ప్రాంతాల్లో నూరుగురికి 133 టెలిఫోను కనెక్షన్లు ఉండగా, గ్రామీణ ప్రాంతాల్లో 59 మాత్రమే ఉన్నవి. ఇవి కనెక్షన్ల లెక్కలే గాని సిగ్నలు లెక్కలు కావు. ఊరిలో సిగ్నలు లేకున్నా సంతలో ఫోను పనిచేసే వాని పేరు కూడా ఇందులో చేరుతుంది. కేంద్ర మంత్రివర్గం 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లోని 7,287 గ్రామాలకు 4జీ సేవలు అందించడానికి 6,466 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. 2022 జులైలో దేశవ్యాప్తంగా మరి 24,680 గ్రామాల కొరకు 26,316 కోట్లతో ఇంకొక పథకాన్ని ఆమోదించినది. తొలి సంభాషణ జరిగిన 27 ఏళ్లకు కూడా ఇన్ని వేల గ్రామాలు మిగిలి ఉన్నవని ప్రభుత్వమే అంగీకరించినట్లయినది. ఆ అంగీకారాన్ని మేము అభినందిస్తున్నాం. లెక్కలోకి వచ్చిన ఊరికి ఏనాటికైనా వంతు వస్తుంది.

ఈ కొరతకు కారణాలు రెండు. మొదటిది ప్రకృతి. తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు దూరం పోతాయి, చెట్లనూ గోడలనూ కొంతవరకు దాటుతాయి; ఎక్కువ పౌనఃపున్యం గలవి సమాచారాన్ని అధికంగా మోస్తాయి గాని దూరం పోలేవు. పల్లెకు మేలైనవి మొదటి రకమే. అట్టి 700 మెగాహెర్ట్‌జ్ తరంగాలను 2016లోనూ 2021లోనూ వేలం వేస్తే అధిక ధర కారణంగా ఒక్కరూ కొనలేదు. 2022లో గాని అవి అమ్ముడుపోలేదు. రెండవది వ్యాపారం. మైదానంలో ఒక టవరు వేలమందికి ఉపయోగపడితే, కొండల్లో అదే ఖర్చుతో నిలిపిన టవరు రెండు మూడు గూడేలకే పరిమితమవుతుంది. అక్కడికి విద్యుత్తు, దారి, సమాచారాన్ని తీసుకొని పోయే కేబులు అన్నీ కావలె. అడవి అయితే అటవీ శాఖ అనుమతి కూడా కావలె. లాభం చూసుకొనే సంస్థ అటు పోదు. పోకపోవడం వింత కాదు; అది తెలిసియే ప్రభుత్వం ప్రత్యేక నిధిని ఏర్పరచినది. టెలికం సంస్థల ఆదాయంలో నూటికి 5 వంతులు పల్లెల కొరకు వసూలు చేసే ఆ నిధికి 2003లో చట్టబద్ధత కలిగినది. 2023 నాటి చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చినది. వసూలైన ధనంలో చాలా భాగం ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా ఉండిపోయినదన్న విమర్శ పార్లమెంటు వరకు వెళ్లినది. పేరు మారినంత మాత్రాన టవరు లేవదు.

లెక్కలో ఇంకొక చిక్కు ఉన్నది. గ్రామం అనగానే రికార్డులో ఉన్నది రెవిన్యూ గ్రామం. ఒక్క రెవిన్యూ గ్రామం క్రింద నాలుగు తండాలు, రెండు గూడేలు ఉండవచ్చు. పంచాయతీ కార్యాలయం వద్ద సిగ్నలు అందితే ఆ గ్రామానికి సేవలు అందినట్లే కాగితం చెబుతుంది. గుట్ట అవతలి తండాకు ఆ కాగితం అందదు. అందిన సిగ్నలు కూడా కరెంటు ఉన్నంతసేపే. కరెంటు పోయి బ్యాటరీలు అడుగంటితే టవరు ఇనుప స్తంభంగా మిగులుతుంది. గాలివాన వచ్చి జనానికి ఫోను అత్యవసరమైన గంటలోనే కరెంటు పోతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఇట్టి ఊళ్లకు షరతులు మాత్రం ఏ కొండా అడ్డు రాకుండా చేరినవి. చౌకధరల దుకాణంలో ఈ-పోస్ యంత్రం మీద వేలిముద్ర పడాలి, ఆ ముద్ర సిగ్నలు ద్వారా పోయి సరిచూడబడి తిరిగిరావాలి. విశాఖ మన్యంలో ఆ యంత్రాన్ని గుట్టమీదికి మోసుకొనిపోగా, కార్డుదారులు అక్కడికి ఎక్కి వేలిముద్ర వేసి, బియ్యం కొరకు మళ్లీ దిగివచ్చిన వార్తలు పత్రికల్లో పలుమార్లు చదివాం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్లు, ప్రభుత్వం బియ్యమిచ్చినా యంత్రం ఇయ్యదు. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనుల వద్ద కూలీల హాజరును రోజుకు రెండు ఫోటోలతో ఫోను ద్వారా పంపడం తప్పనిసరి అయినది. ఎండలో మట్టి మోసిన మనిషి ఎదుట నిలిచి ఉన్నాడు. ఫోటో చేరకపోతే రికార్డులో అతడు పనికి రానట్లే. కష్టానికి సాక్ష్యం చెమట కాక సిగ్నలు అయినది.

మన విద్యార్థుల సంగతి మనకు బాగా తెలుసు. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు 2016 నుండి ఆన్‌లైన్ పద్ధతి అమలులో ఉన్నది. దాని పేరు 'దోస్త్'. పేరు మధురమే, కాని ఓటీపీ రానిచోట ఈ దోస్తు పలుకడు. ఓటీపీ కొన్ని నిమిషాల్లో చెల్లకుండా పోతుంది. దానిని అందుకోవడానికి బిడ్డ మండల కేంద్రానికి పోవాలి, పోయి వచ్చేసరికి ఒక రోజు కూలి పోతుంది. 2020 సెప్టెంబరు 1న కరోనా కారణంగా టీవీ ద్వారానూ టీ-శాట్ ద్వారానూ పాఠాలు మొదలైనప్పుడు ఇంట్లో టీవీ గాని, ఫోను గాని, సిగ్నలు గాని లేని పిల్లలు చదువులో ఎంత వెనుకబడినారో, ఆ తరం నేడు మన తరగతుల్లోకి వస్తుంటే అధ్యాపకులుగా మేము చూస్తున్నాం.

ప్రాణం సంగతి అన్నింటికంటె గొప్పది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు సేవ ఎందరినో కాపాడినది. ఆ వాహనం కదలాలంటే మొదట ఒక పిలుపు రావాలి. మన సిమ్ కార్డు సంస్థకు సిగ్నలు లేకున్నా వేరొక సంస్థ సిగ్నలు ఉంటే 112కు పిలుపు పోతుంది. ఏ సంస్థ సిగ్నలూ లేనిచోట అది వట్టి అంకె. అక్కడ నిండు గర్భిణిని డోలీలో మోయవలసినదే. రోడ్డు దాకా మోసిన తరువాత కూడా ఫోను పలికే చోటు కొరకు ఒకడు పరుగెత్తవలసినదే.

మా వాదనకు ఎదురయ్యే మాటలు లేకపోలేదు. యంత్రం వచ్చిన తరువాతనే దొంగ కార్డులు, బోగస్ హాజరులు తగ్గినవని అధికారులంటారు. కావచ్చు, యంత్రాన్ని తీసివేయమని మేము కోరడం లేదు. సిగ్నలు అందనినాడు పాత పద్ధతిలో రిజిస్టరులో సంతకమో వేలిముద్రయో తీసుకొని సరుకు ఇవ్వమని, ఆ వివరాన్ని సిగ్నలు దొరికినప్పుడు పంపుకొమ్మని మాత్రమే కోరుతున్నాం. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు కూడా ధ్రువీకరణ విఫలమైనంత మాత్రాన అర్హునికి ప్రయోజనం దక్కకుండా పోరాదని అభిప్రాయపడినది. తీర్పు ఢిల్లీలో ఉన్నది, డీలరు గూడెంలో ఉన్నాడు. ఈ రెండింటి మధ్య కూడా సిగ్నలు అందవలసి ఉన్నది. సిగ్నలూ ఇవ్వక, రిజిస్టరూ ఒప్పుకోకపోవడం అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న చందం.

ఫోను యువతను చెడగొడుతున్నదని పెద్దలంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని చెడిపోయే అవకాశం నగరానికీ, వంచితమయ్యే వంతు పల్లెకూ అని పంచిపెట్టడం ఏ న్యాయం? పల్లెకు ముందు రోడ్డు, నీరు కావలెనని ఇంకొందరంటారు. నిజమే, అయితే నీటి కొరకు అర్జీ పెట్టడానికి కూడా నేడు ఫోనే కావలసి వస్తున్నది.

కావున చేయవలసిన పనులు మూడు. ఊరిని కాక ఆవాసాన్ని లెక్కించాలి. తమ తండాకు సిగ్నలు అందుతున్నదని గ్రామసభ ఒప్పుకొన్న తరువాతనే అందినట్లు రాసుకోవాలి. ఒక సంస్థ నిలిపిన టవరును ఇతర సంస్థల ఖాతాదారులూ వాడుకొనే వీలు అంతటా ఉండాలి. ప్రభుత్వ నిధితో కట్టిన టవర్ల మీద ఈ పద్ధతిని 2025 జనవరిలో ప్రారంభించారు, అది ఆచరణ సాధ్యమని దానితో తేలినది. మూడవది, అన్నింటికంటె ముందు చేయదగినది: ఏ పథకంలోనైనా నెట్‌వర్కును షరతు చేసే ముందు ఆ ఆవాసంలో నెట్‌వర్కు ఉన్నదని ధ్రువీకరించవలసిన బాధ్యత షరతు పెట్టినవారిదే కావలె. లేనిచోట షరతు చెల్లదు.

విద్యార్థులకు ఒక్క మాట. సిగ్నలు ఎక్కడెక్కడ అందుతున్నదో చూపే పటాలను టెలికం సంస్థలు తమ వెబ్‌సైట్లలో ప్రచురించాలని 2024లో ట్రాయ్ నిబంధన చేసినది. ఆ పటం నిజమా కాదా అన్నది కార్యాలయంలో కూర్చొని తేల్చగల విషయం కాదు. జాతీయ సేవా పథకం శిబిరానికి మీరు ఏటా ఏదో ఒక పల్లెకు పోతూనే ఉన్నారు. పార పట్టిన చేతితోనే ఒక నోటుపుస్తకం కూడా పట్టండి. తండా తండాకూ నడిచి, ఏ ఇంటి వద్ద ఏ సంస్థ సిగ్నలు అందుతున్నది, ఎక్కడ అందడం లేదు, ఏ దుకాణంలో వేలిముద్ర పడక ఎందరు తిరిగిపోయారు అన్నది రాయండి. ఉర్దూ చదివేవారు ఉర్దూలో, తెలుగు చదివేవారు తెలుగులో అక్కడి మనుషుల మాటలను రాసుకోండి. ఆ ప్రతిని పంచాయతీకీ, కలెక్టరుకూ పంపండి. ఆ తండాలవారి పిలుపు పట్టణం దాకా రావడానికి దారి లేదు. మనం అక్కడికి పోవడానికి దారి ఉన్నది.