సింగరేణిని కాపాడుకుందాం, సరే. మరి కోయగూడెం?



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! బొగ్గు బ్లాకుల వేలం మాట వచ్చినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే నినాదం తిరుగుతది: "సింగరేణిని కాపాడుకుందాం". మీరూ షేర్ చేసే ఉంటరు. చెయ్యండి, తప్పు లేదు. కానీ ఎవరి కోసం కాపాడుతున్నమో కూడా అడగాలె కదా.

2020 జూన్‌లో కేంద్రం బొగ్గు తవ్వకాన్ని ప్రైవేటు వ్యాపారానికి తెరిచింది. జూలై 2 నుంచి మూడు రోజులు దేశమంతా బొగ్గు కార్మికులు సమ్మె చేసిన్రు. 2021 డిసెంబర్‌లో సింగరేణి కార్మికులు మళ్లీ మూడు రోజులు పని బంద్ పెట్టిన్రు. అప్పుడు వేలానికి పెట్టిన నాలుగు బ్లాకుల పేర్లు చూడండి: కల్యాణఖని 6, శ్రావణపల్లి, సత్తుపల్లి 3, కోయగూడెం 3.

కోయగూడెం! బ్లాకు పేరులో మనం ఉన్నం, చర్చల బల్ల దగ్గర మాత్రం లేము. ఆ బల్లకు ఒక దిక్కు సర్కారు, ఒక దిక్కు యాజమాన్యం, ఒక దిక్కు యూనియన్లు. నాలుగో కుర్చీ వేసినోళ్లు లేరు.

యూనియన్లను తిట్టడానికి ఇది రాస్తలేను. వేలం వద్దని కార్మికుడు కొట్లాడితే మనకూ మేలే. ప్రైవేటోడు వస్తే ఇప్పుడున్న ఆ కాస్త జవాబుదారీతనం కూడా ఉండదు. కానీ "ప్రైవేటుకు వద్దు, సింగరేణికే ఇయ్యాలె" అనే డిమాండ్‌లో ఊరి మాట ఏది? సింగరేణి తవ్వినా పోయేది మన చేను, మన వాగే. పైగా ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని ఎప్పుడో ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీల చేతికి పోయింది. దాన్ని కూడా ప్రభుత్వ రంగమే అనాల్నా?

లెక్క చూద్దాం. 2024 సెప్టెంబర్‌లో సింగరేణి లాభం 4,701 కోట్లని చెప్పిన్రు. విస్తరణకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు పర్మినెంట్ కార్మికులకు వాటా ఇచ్చిన్రు. కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు. కార్మికుడి వాటా కార్మికుడి హక్కు, కొట్లాడి తెచ్చుకున్నడు. భూమి పోగొట్టుకున్న ఊరికి ఆ లెక్కలో ఒక గీత కూడా లేదు.

అడిగితే దయ చూపమన్నట్టు చూస్తరు. దయ కాదిది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పు చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకు ఇయ్యడం చెల్లదు, ఎందుకంటే 1/70 ముందర కంపెనీ కూడా గిరిజనేతరుడే. సర్కారు సంస్థ తవ్వొచ్చు. గనుల లాభంలో కనీసం 20 శాతం నీళ్లు, బడులు, దవాఖానలు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పెట్టాలె అని కూడా అదే తీర్పులో ఉంది. చెట్లు నాటే ఖర్చు అందులో కలపొద్దని కూడా రాసిన్రు.

అర్థమైందా? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటోన్ని ఆపడానికి సింగరేణి చేతిలో ఉన్న గట్టి ఆయుధం మన చట్టమే. మన చట్టం నీడలో నిలబడి, అదే తీర్పులోని 20 శాతం మాట ఎత్తకపోతే ఎట్లా?

"డీఎంఎఫ్‌టీ నిధులు వస్తున్నయి కదా" అంటరు. అది రాయల్టీ మీద లెక్క, లాభం మీద కాదు. దాన్ని జిల్లా స్థాయిలో పంచుతరు, గ్రామసభ కాదు. రెండూ ఒకటే అని చెప్పేటోళ్ల మాట నమ్మొద్దు.

ఇంకో సంగతి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని పెసా చట్టం 1996 నుంచి చెప్తనే ఉంది. బొగ్గుకు మాత్రం 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద గెజిట్‌లో నోటిఫికేషన్ వేస్తరు, అభ్యంతరాలకు 30 రోజులు. గెజిట్ చదివే ముసలవ్వ మీ గూడెంలో ఎవరున్నరు?

కాబట్టి ఈసారి యూనియన్ నాయకులు "వేలం ఆపాలె" అని మద్దతు అడగనీకి వస్తే, కూర్చోబెట్టండి, చాయ్ పోయండి, ఒక మాట అడగండి: మీ సమ్మె నోటీసులో మా 20 శాతం, మా గ్రామసభ సమ్మతి రెండు లైన్లు పెడ్తరా? పెడితే మన జెండా కూడా గేట్ మీటింగ్‌కు వస్తది. ఆలోపు గ్రామసభ పెట్టి ఇదే మాట తీర్మానం రాయించండి. వచ్చినోళ్లందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. ఒక కాపీ ఐటీడీఏ పీవోకు, ఒకటి కలెక్టర్‌కు, ఒకటి జీఎం ఆఫీసుకు ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేసిన కాపీ ఊర్లోనే ఉండాలె.