మందుకు బిల్లు ఉన్నది, మాటకు లేదా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో మానసిక ఆరోగ్యానికి సంబంధించినవి చాలా వరకు సంతకం లేకుండానే వస్తాయి. వాటిలో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటి ఉన్నది. ఇంటిలో ఒకరికి వైద్యం జరుగుతూ ఉంటుంది. మందుల ఖర్చు ఏదో ఒక పథకం క్రింద గడచిపోతూ ఉంటుంది. అయితే మందులతోపాటు సైకియాట్రిక్ సోషల్ వర్కర్ వద్దకు కొన్ని నెలలపాటు క్రమం తప్పక వెళ్ళవలసిందని డాక్టరుగారు వ్రాస్తారు. బయట విచారిస్తే ప్రతిసారీ రొక్కమే అడుగుతారు. కార్డు చూపితే "ఇది ఇక్కడ చెల్లదండీ" అంటారు. ప్రభుత్వ ఆరోగ్య బీమాను అంగీకరించే సోషల్ వర్కర్ ఎక్కడైనా ఉన్నారా అన్నదే ఆ ప్రశ్న. ఈ మాసం దీనికి సమాధానం చెప్పుకొందాము.

ఎవరీ సోషల్ వర్కర్?

సోషల్ వర్కర్ అనగానే మనకు రక్తదాన శిబిరాలు నడిపేవారో, సేవాసంఘాల వారో స్ఫురిస్తారు. ఇక్కడ చెప్పుకొంటున్నది వారిని గురించి కాదు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వృత్తికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చినది. సోషల్ వర్క్‌లో పోస్టు గ్రాడ్యుయేట్ డిగ్రీ, దానిపై రెండేళ్ళ పూర్తికాలపు ఎం.ఫిల్., అందులో పెద్దల పర్యవేక్షణలో రోగులతో పొందిన శిక్షణ ఉన్నవారే చట్టం దృష్టిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు.

ఈ వృత్తి నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ 1905లోనే రోగుల కొరకు సామాజిక సేవా విభాగాన్ని ప్రారంభించినది. మన దేశంలో 1936లో బొంబాయిలో నెలకొన్న విద్యాసంస్థయే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. వైద్యుడు రోగిని చూస్తాడు. సోషల్ వర్కర్ రోగితోపాటు ఆ ఇంటిని కూడ చూస్తారు. మందు ఎందుకు మానివేశాడు, ఇంటిలో ఎవరి మాట వింటాడు, తిరిగి డ్యూటీలో ఎట్లా నిలదొక్కుకోగలడు, వ్యాధి తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులేవి అన్నవి అక్కడి సంభాషణలు. భార్యకు, తల్లికి, ఎదిగిన పిల్లలకు వ్యాధిని గురించి చెప్పడం, వారి అలసటను వినడం కూడ వారి పనిలో భాగమే. ఇది ఒక పూటలో ముగిసేది కాదు.

బీమా ఎందుకు వర్తించదు?

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి పద్ధతి చెబితే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. అక్కడ లైసెన్సు పొందిన క్లినికల్ సోషల్ వర్కర్ స్వంతంగా ప్రాక్టీసు పెట్టుకొని, మెడికేర్, మెడికెయిడ్ వంటి ప్రభుత్వ పథకాలకు నేరుగా బిల్లు పంపవచ్చును. అయితే అక్కడ కూడ ప్రతివారూ ఆ కార్డులను అంగీకరించరు. పథకం చెల్లించే రేటు తక్కువ కావడం అందుకొక కారణం. కార్డు తీసుకొనేవారి కొరకు వెదకవలసిన అవస్థ అక్కడివారికీ ఉన్నది.

మన దేశంలో చిక్కు వేరు. మన ప్రభుత్వ బీమా పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరికను ఆధారం చేసుకొని ఏర్పడినవి. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఇస్తుంది. మానసిక వ్యాధులకు ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స కూడ అందులో ఉన్నది. కాని ఆ రక్షణ చేరికకు 3 రోజుల ముందు ఖర్చులకు, డిశ్చార్జి తరువాత 15 రోజుల ఖర్చులకు మాత్రమే విస్తరిస్తుంది. సోషల్ వర్కర్ పని అసలు మొదలయ్యేది రోగి ఇంటికి వచ్చిన తరువాత. పదునైదు రోజులలో మందులు సర్దుకోవచ్చునేమో గాని సంసారం సర్దుకోదు గదా!

2017 చట్టంలోని 21వ సెక్షను శరీర వ్యాధులకు బీమా ఏ ప్రాతిపదికన ఇస్తారో మానసిక వ్యాధులకూ అదే ప్రాతిపదికన ఇవ్వవలెనని బీమా సంస్థలను ఆదేశించినది. ఈ చట్టం 2018 మే 29 నుంచి అమలులోనికి వచ్చినది. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో ఒకసారి, 2022 అక్టోబరులో మరొకసారి దీనిని గుర్తుచేస్తూ సర్క్యులర్లు ఇచ్చినది. ఇది గొప్ప ముందడుగే. అయితే "అదే ప్రాతిపదిక" అన్న మాటకు రెండవ వైపు కూడ ఉన్నది. మీ పాలసీలో ఔట్ పేషెంటు ఖర్చు గుండెజబ్బుకు లేకపోతే మనోవ్యాధికీ ఉండదు. వారం వారం జరిగే కౌన్సెలింగు ఔట్ పేషెంటు ఖర్చే కనుక పాలసీలో ఆ భాగమున్నదో లేదో ముందుగానే చూసుకొనవలెను.

మరి ఎక్కడ వెదకాలి?

ఇక్కడ మా సూచన ఒక్కటే. కార్డు అంగీకరించే గది కొరకు ఊరంతా తిరగడం మానండి. ఎక్కడ సోషల్ వర్కర్‌కు ప్రభుత్వమే జీతమిచ్చి కూర్చోబెట్టినదో అక్కడికి వెళ్ళండి. మన దేశంలో ప్రజాధనం ఈ సేవకు ఎక్కువగా బిల్లుల ద్వారా కాక జీతాల ద్వారానే అందుతున్నది.

మొదటిది జిల్లా ఆసుపత్రి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో దాని భాగంగా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైనవి. ఇప్పటికి 700కు పైగా జిల్లాలకు ఇది మంజూరైనది. మనోవైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సు ఈ బృందంలో ఉండవలసినవారు. మంజూరు కావడం వేరు, పోస్టు భర్తీ కావడం వేరు. కనుక వెళ్ళే ముందు సోషల్ వర్కర్ ఉన్నారా, ఏ వారం, ఏ గంటలలో ఉంటారు అని అడిగి తెలుసుకొనండి.

రెండవది మెడికల్ కళాశాలల మనోవైద్య విభాగాలు, ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. తెలుగువారికి హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ఉన్నవి తెలిసినవే. ఇతర ప్రాంతాలలో పనిచేసే మన ఉద్యోగులకు బెంగుళూరు నిమ్‌హాన్స్, రాంచీలోని కేంద్ర మనోవైద్య సంస్థ, అస్సాంలోని తేజ్‌పూర్ సంస్థ అందుబాటులో ఉండవచ్చును. ఈ మూడు కేంద్ర ప్రభుత్వ సంస్థలలోనూ సోషల్ వర్కర్లకు ప్రత్యేక విభాగమే ఉన్నది.

బదిలీ మీద పరరాష్ట్రాలలో ఉన్నవారికి భాష మరొక అడ్డంకి. లోపలి బాధను అరకొర హిందీలో చెప్పుకొనడం ఎవరికైనా కష్టమే. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగుతో సహా అనేక భాషలలో ఉచితంగా శిక్షణ పొందిన కౌన్సెలర్లు మాట్లాడతారు. అవసరమైతే నిపుణులకు కలుపుతారు. నెలల తరబడి సాగే కౌన్సెలింగుకు ఇది ప్రత్యామ్నాయం కాదు గాని, ఎక్కడికి వెళ్ళాలో తెలియనప్పుడు మొదటి మెట్టు కాగలదు.

ప్రైవేటుగా వెళ్ళవలసి వస్తే

కొందరికి దూరం వల్లనో, డ్యూటీ వేళల వల్లనో ప్రైవేటు సేవ తప్పదు. అప్పుడు ముందుగా అర్హత చూడండి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను నమోదు చేసి, ఆ జాబితాను ప్రకటించే బాధ్యతను చట్టం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు అప్పగించినది. నమోదు సంఖ్య అడగడం అమర్యాద కాదు.

ఆ తరువాత మన సంస్థ వైద్య విభాగాన్ని ఒక ప్రశ్న అడగండి: మనోవైద్యుడు వ్రాసి పంపిన కౌన్సెలింగు ఖర్చు మన నియమాల క్రింద తిరిగి వస్తుందా? వస్తే ఎన్నిసార్లకు, ఏ రేటున? ఈ సమాధానాన్ని ఖర్చు పెట్టక ముందే, నోటిమాటగా కాక కాగితం మీద తీసుకొనండి. ప్రిస్క్రిప్షనులో "కౌన్సెలింగు" అని ఊరకే కాక, ఎవరి వద్దకు, ఎన్నిసార్లు, ఎందుకు అన్నది డాక్టరుగారిచేత వ్రాయించుకొనండి. రసీదు మీద తేదీ, వృత్తి అర్హత, నమోదు సంఖ్య ఉండవలెను. ఆసుపత్రి ద్వారా జరిగిన కౌన్సెలింగుకు ఆసుపత్రి పేరిటే బిల్లు తీసుకొనడం మంచిది.

మనతో పనిచేసే కాంట్రాక్టు కార్మిక సోదరులకు ఒక మాట. ఇ.ఎస్.ఐ. వర్తించే వారికి, వారి కుటుంబాలకు డిస్పెన్సరీ నుంచి మనోవైద్య నిపుణుని వద్దకు రెఫరెన్సు అడిగే హక్కు ఉన్నది. పథకం గుర్తించిన 34 దీర్ఘవ్యాధుల జాబితాలో తీవ్ర మనోవ్యాధులు కూడ ఉన్నవి. నిర్ణీత అర్హతలున్న బీమాదారుకు మామూలు అనారోగ్య భత్యం 91 రోజులతో ముగిసినా, అటువంటి వ్యాధులకు వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు పొడిగించే వీలున్నది. ఇది తెలియక ఉద్యోగం మానుకొని ఇంటికి పోయేవారిని గురించి వింటున్నాము. సైట్ ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు ఈ సంగతి కార్మికులకు చెప్పగలిగితే ఒక కుటుంబాన్ని నిలబెట్టినవారవుతారు.

తల్లిదండ్రులకు 70 ఏళ్ళు నిండినవారు 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ క్రింద ఆదాయంతో నిమిత్తం లేకుండా వారికి లభిస్తున్న కార్డును గురించి విచారించవచ్చును. అది కూడ ఆసుపత్రి చేరికకే ఉపయోగమన్నది గుర్తుంచుకొనండి.

బిల్లు పెట్టడానికి జంకు

నియమాలున్నా చాలామంది బిల్లు పెట్టరు. కారణం మనందరికీ తెలిసినదే. ఆ కాగితం ఏ బల్ల మీదుగా పోతుందో, సాయంత్రానికి కాలనీలో ఎవరి నోట పడుతుందోనన్న భయం. ఆ భయంతో స్వంత డబ్బు పెట్టి, రెండు నెలలు గడిచాక భరించలేక మానివేస్తారు. 2015–16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి అసలు చికిత్సే అందడం లేదు. వీరిలో డబ్బు లేనివారు ఎందరో, నలుగురికి తెలుస్తుందని వెనుకాడినవారు కూడ ఎందరో ఉంటారు.

మానసిక చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకొనే హక్కును 2017 చట్టం 23వ సెక్షను రోగికి ఇచ్చినది. వైద్య విభాగంలోనూ, బిల్లుల విభాగంలోనూ పనిచేసే మన సహోద్యోగులకు మా మనవి ఇదే: మీ బల్ల మీదికి వచ్చే అటువంటి కాగితం మీ ఇంటిదే అనుకొనండి. మీరు మౌనంగా సంతకం చేసి పంపిన బిల్లు చూసి, మరొక కుటుంబం ధైర్యంగా తమ బిల్లు పెట్టుకొంటుంది. చికిత్స మధ్యలో ఆగకుండా ఉండడానికి చట్టమెంత అవసరమో, ఆ మౌనమూ అంతే అవసరము.