పాత గట్టిదనమా... కొత్త నాజూకా?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీటు చేతికొచ్చిందంటే ఇంట్లో రెండో చర్చ మొదలవుతుంది. ఫీజు, హాస్టలు సంగతి తేలాక మిగిలేది ల్యాప్‌టాప్. ఆలంపూర్ లాంటి ఊళ్లో ఈ చర్చ ఇంకాస్త ఎక్కువసేపు సాగుతుంది. ఎందుకంటే ఇక్కడ కొనడం పెద్ద పని కాదు, పాడైతే ఎవరు చూస్తారన్నదే అసలు ప్రశ్న. పెద్ద బజారు కావాలంటే తుంగభద్ర దాటి కర్నూలు వెళ్లాలి. లేదంటే గద్వాల. అక్కడా కుదరకపోతే 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాద్. బాగుచేయించడానికి మూడుసార్లు తిరిగితే, చార్జీలకు తోడు పిల్లల క్లాసులూ పోతాయి.

చేతిలో ఉన్న డబ్బు ఒక్కటే. దారులు మాత్రం రెండు. మొదటిది, షోరూములో సీలు విప్పని కొత్త ల్యాప్‌టాప్. సామాన్యుడి బడ్జెట్లో వచ్చేది చాలావరకు ప్లాస్టిక్ ఒంటిదే. రెండోది, కార్పొరేట్ కంపెనీల ఉద్యోగులు కొన్నేళ్లు వాడి తిరిగిచ్చిన బిజినెస్ ల్యాప్‌టాప్. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్... ఇవన్నీ ఈ జాతివే. కంపెనీలు కొన్నేళ్లకోసారి పాతవాటిని మూకుమ్మడిగా మార్చేస్తాయి. అలా బయటికొచ్చిన సరుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి బజార్లకు చేరి, అక్కడి నుంచి జిల్లాలకు పాకుతుంది. ‘అన్నా, ఇది కంపెనీ మాల్. కిందపడ్డా ఏం కాదు’ అంటాడు దుకాణదారు. నమ్మొచ్చా? ఎంతవరకు నమ్మొచ్చు?

నల్లపెట్టె కథ

బిజినెస్ ల్యాప్‌టాప్ అనగానే మన ఇళ్లలో చాలామందికి గుర్తొచ్చేది సాఫ్ట్‌వేర్ అబ్బాయి సెలవులకు తెచ్చే నల్లపెట్టె. ఐబీఎం సంస్థ 1992లో థింక్‌ప్యాడ్ 700సీతో దానికి పేరు తెచ్చింది. 2005లో ఐబీఎం కంప్యూటర్ల వ్యాపారం లెనోవో చేతికి వెళ్లింది. పేరు మాత్రం అలాగే నిలిచింది. 2006లో వచ్చిన టీ60 లోపల మెగ్నీషియం చట్రం ఉండేది. పైన ప్లాస్టిక్ నలిగినా లోపలి బోర్డు వంగకుండా అది కాపాడేది. 2011 నాటి టీ420 వరకు ఏడు వరసల పాత కీబోర్డు ఉంది. ఆ మీటల కోసం ఇప్పటికీ వెతికి కొనేవాళ్లున్నారు. 2012లో టీ430తో ఆరు వరసల కొత్త కీబోర్డు వచ్చింది.

అసలు మలుపు మాత్రం ఆ తర్వాతిది. 2018లో వచ్చిన టీ480 వెనకవైపు బ్యాటరీని రెండు గొళ్లేలు జరిపి చేత్తో లాగేయొచ్చు. ర్యామ్ పెంచుకోవడానికి రెండు స్లాట్లూ ఉన్నాయి. 2019లో వచ్చిన టీ490లో బ్యాటరీ పూర్తిగా లోపలికి వెళ్లిపోయింది. ర్యామ్‌లో సగం మదర్‌బోర్డుకే అతికిపోయింది. ల్యాప్‌టాప్ సన్నబడింది, తేలికైంది. కానీ విప్పి మార్చుకునే వీలు కొంత పోయింది. పాతవి గట్టివి అనేవాళ్ల వాదన వెనక ఉన్న నిజం ఇదే.

బరువు చూసి మోసపోకండి

చేతిలోకి తీసుకోగానే బరువుగా అనిపిస్తే గట్టిదని అనుకుంటాం. అది సగమే నిజం. పాత ల్యాప్‌టాప్‌లకు అంత కవచం ఎందుకు కావాల్సి వచ్చిందో ఆలోచించండి. వాటి లోపల హార్డ్‌డిస్కు గిర్రున తిరుగుతుండేది. నడుస్తున్నప్పుడు గట్టిగా కుదిపితే డేటా గల్లంతే. అందుకే 2003లో థింక్‌ప్యాడ్‌లలో కుదుపును ముందే పసిగట్టి, డిస్కును చదివే ముల్లును పక్కకు తప్పించే ఏర్పాటు చేశారు. ఇప్పుడు వచ్చే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమంటూ ఏదీ లేదు. ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని పనిచేసుకున్నా దానికి బెంగ లేదు. అంటే ఒకప్పుడు మందపాటి ఒళ్లు మోసిన బాధ్యతలో పెద్ద భాగం ఇవాళ అవసరమే లేదు. సన్నగా ఉందని కొత్తదాన్ని తీసిపారేయలేం.

మరి గట్టిదనం ఎక్కడ చూడాలి? ముందుగా కీళ్లు. దుకాణాల్లో హింజెస్ అంటారు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఈ కీళ్ల మరలు ప్లాస్టిక్‌లో దిగేసిన చిన్న ఇత్తడి గుబ్బల్లోకి బిగిస్తారు. కొన్నాళ్లకు కీలు బిగుసుకుపోతుంది. మూత తెరిచినప్పుడల్లా ఆ బలమంతా ప్లాస్టిక్ మీద పడి, ఒకరోజు మూల పగులుతుంది. బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా లోహపు కీళ్లను లోహపు చట్రానికే బిగిస్తారు. ఇది పాతవాటికీ కొత్తవాటికీ వర్తిస్తుంది.

తర్వాత కీబోర్డు. థింక్‌ప్యాడ్ టీ వరసలో టీ, నీళ్లు ఒలికినా కాసిన్ని కిందికి జారిపోయేలా దారులుంటాయి. ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వరసల్లోనూ చాలావాటికి ఒలికినా తట్టుకునే కీబోర్డులే ఇచ్చారు. చెంబెడు నీళ్లు పోస్తే ఏదీ బతకదు. గ్లాసు తొణికితే బతికే అవకాశం ఉంటుంది. అంతే తేడా.

ఇక ‘మిలిటరీ గ్రేడ్’ అనే మాట. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖ రూపొందించిన పరీక్షల పద్ధతి. వేడి, చలి, దుమ్ము, కుదుపు లాంటివి ఎలా పరీక్షించాలో అందులో ఉంటుంది. అంతేగానీ సైన్యం ఒక్కో మోడల్‌ను చూసి ముద్ర వేయదు. ఏ పరీక్షలు చేయించాలో తయారీదారే ఎంచుకుంటాడు. పైగా ఆ పరీక్ష జరిగేది కొత్త సరుకుకు. నాలుగేళ్లు వాడి, రెండుసార్లు కిందపడి, రంగేసుకుని వచ్చినదానికి కాదు. పెట్టె మీది ఆ మాటను చూసి మురిసిపోవద్దు, కొట్టిపారేయనూ వద్దు.

విప్పగలిగితేనే ఆయుష్షు

గట్టిదనానికి ఇంకో అర్థం ఉంది. అది ఆలంపూర్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. శ్రీశైలం జలాశయం ముంపు ముంచుకొచ్చినప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, ఆలంపూర్ తెచ్చి మళ్లీ నిలబెట్టారు. రాయి గట్టిది కాబట్టే కాదు, విడదీసి మళ్లీ కూర్చగలిగారు కాబట్టి కూడా ఆ గుడి మనకు దక్కింది.

ల్యాప్‌టాప్‌కూ అదే లెక్క. ఎంత మంచి కంపెనీదైనా బ్యాటరీ అరుగుతుంది. మన ఎండలకు ఇంకాస్త త్వరగా అరుగుతుంది. ఫ్యానులో దుమ్ము చేరుతుంది. చార్జింగ్ పెట్టేచోట వదులవుతుంది. ఇవన్నీ మార్చుకోగలిగితే అది బతికినట్టు. ర్యామ్ బోర్డుకు అతికించి ఉంటే, అది పాడైన రోజు మొత్తం బోర్డే మార్చాల్సి రావచ్చు.

బిజినెస్ ల్యాప్‌టాప్‌ల బలం ఇక్కడే. లెనోవో, డెల్, హెచ్‌పీ... మూడూ ఈ మోడళ్లకు మరమ్మతు పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచాయి. ఏ మర ముందు విప్పాలి, ఏ తీగ ఎక్కడ తీయాలి... బొమ్మలతో సహా ఉంటుంది. లక్షల్లో అమ్ముడైన మోడళ్లు కాబట్టి విడిభాగాలూ ఏళ్ల తరబడి దొరుకుతాయి. గద్వాలలోనో కర్నూలులోనో చేయి తిరిగిన కుర్రాడు కంపెనీ సర్వీసు సెంటరుకు పంపకుండానే పని పూర్తిచేయగలడు. మన ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరుతో ఓ పోర్టల్ తెచ్చింది. ఐరోపా సమాఖ్య అయితే 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలని చట్టం చేసింది. గాలి మళ్లీ విప్పుకునే వస్తువుల వైపు తిరుగుతోంది.

మరీ పాతదీ వద్దు

అలాగని టీ420 కొనేద్దామా? ఆగండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచే లెక్క. 2017 ముందు తయారైన ల్యాప్‌టాప్‌లు ఎంత ఉక్కుముక్కలైనా ఈ గీత బయటే ఉన్నాయి. లినక్స్ వాడటం తెలిసినవాళ్లకు అవి ఇప్పటికీ పనికొస్తాయి. మొదటి ల్యాప్‌టాప్ కొంటున్న ఇంటికి మాత్రం వద్దు.

ఇక్కడో కిటుకు. దుకాణంలో ‘ఐ5 సార్’ అంటే చాలదు. ఆ తర్వాతి అంకె చూడండి. ఐ5-6300యూ అంటే 6వ తరం. ఐ5-8350యూ అంటే 8వ తరం. రెండూ ఐ5లే. ఒకటి గీత బయట, ఇంకోటి లోపల. ధర మాత్రం కొన్నిచోట్ల దగ్గరదగ్గరగానే చెబుతారు.

ఈ లెక్కన పాత గట్టిదనం, కొత్త సాఫ్ట్‌వేర్ రెండూ కలిసే కాలం 2018 నుంచి మొదలవుతుంది. థింక్‌ప్యాడ్ టీ480, డెల్ ల్యాటిట్యూడ్ 5490, 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5... ఈ నాలుగింటిలోనూ 8వ తరం ప్రాసెసర్లున్న మోడళ్లు వచ్చాయి. ర్యామ్‌కు రెండేసి స్లాట్లు ఉన్నాయి. పేరు చివర ఒక్క అక్షరంతో కూడా కథ మారిపోతుంది. టీ480ఎస్‌లో ర్యామ్ కొంత బోర్డుకు అతికే ఉంటుంది. అదే ఏడాది వచ్చిన ఎక్స్1 కార్బన్‌లో అయితే మొత్తం అతికే ఉంటుంది. టీ480 కొనేవాళ్లు ఇంకో మాట అడగాలి. దాని టైప్-సీ పోర్టును ఇబ్బంది పెట్టే థండర్‌బోల్ట్ లోపానికి లెనోవో ఓ సవరణ విడుదల చేసింది. అది వేశారో లేదో కనుక్కోండి.

దుకాణంలో అరగంట

పాతదే కొనాలనుకుంటే తొందరపడకండి. అరగంట కూర్చోండి.

- స్విచాన్ చేయగానే థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1, డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కి బయోస్‌లోకి వెళ్లమనండి. పాస్‌వర్డ్ అడిగి దుకాణదారు నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

- ఇంటర్నెట్ కలిపి విండోస్‌ను కొత్తగా మొదలుపెట్టించండి. తెర మీద ఏదో కంపెనీ పేరుతో స్వాగతం కనిపిస్తే దాని తాళం ఇంకా ఆ కంపెనీ దగ్గరే ఉన్నట్టు.

- కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్టు తీయించండి. మొదట ఎంత సామర్థ్యం, ఇప్పుడు ఎంత అన్నది అందులో ఉంటుంది. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖరీదు ధరలోంచి తగ్గించమనండి.

- మూతను ఒక మూల పట్టుకుని తెరవండి. కిర్రుమన్నా, తెర పక్కకు వంగినా కీళ్లు అలసినట్టే.

- తెర ఫుల్ హెచ్‌డీనా, ఐపీఎస్ రకమా అడగండి. ఆ కాలం మోడళ్లలో తక్కువ రకం తెరలూ వచ్చాయి. నాలుగేళ్లు కళ్లు పెట్టుకుని చూసేది దాన్నే.

- ర్యామ్ 16 జీబీ ఉన్నదే తీసుకోండి. ‘తర్వాత పెంచుకోవచ్చు’ అన్న మాట 2025 చివరి నుంచి ఖరీదైపోయింది. మెమరీ ధరలు ప్రపంచమంతా పెరిగాయి.

- సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి. తయారైన కాలం, వారంటీ సంగతి తెలుస్తాయి. అదే నంబరు బిల్లు మీద రాయించుకోండి. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర చౌక అయినా కొనొద్దు.

కొత్తదే నయం అనిపించే చోట

పిల్లలు త్రీడీ డిజైన్, వీడియో, ఏఐ లాంటి చదువుల్లోకి వెళ్తుంటే గ్రాఫిక్స్ బలం కావాలి. 2018 నాటి ఆఫీసు ల్యాప్‌టాప్ ఆ బరువు మోయలేదు. అలాంటివాళ్లు కొత్తదానికే పోవాలి. బడ్జెట్ ఉంటే కొత్త బిజినెస్ ల్యాప్‌టాపే మేలు. అన్నీ మూసుకుపోయాయన్న మాట కూడా ఇప్పుడు నిజం కాదు. 2024లో లెనోవో, మరమ్మతుల సంస్థ ఐఫిక్సిట్‌తో కలిసి తీర్చిదిద్దిన టీ14 ఐదో తరం మోడల్లో ర్యామ్‌కు రెండు స్లాట్లు తిరిగొచ్చాయి. బ్యాటరీ మార్చడం తేలికైంది.

కొత్తది కొనేటప్పుడు మాత్రం ఒక ప్రశ్న వదలొద్దు. ‘ఇంటికొచ్చి బాగుచేస్తాం’ అన్న వారంటీ మా పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా? హైదరాబాద్ చిరునామాకు వర్తించేది ఆలంపూర్ చిరునామాకు వర్తించకపోవచ్చు. ముందే అడిగి, కాగితం మీద చూసుకోవాలి.

మొత్తమ్మీద చదువు రాతకోతలు, కోడింగ్, ఆన్‌లైన్ పాఠాల వరకే అయితే, చేతిలో డబ్బు పరిమితమైతే, 2018 తర్వాతి పాత బిజినెస్ ల్యాప్‌టాప్ చౌక ప్లాస్టిక్ కొత్తదానికన్నా ఎక్కువ కాలం తోడుంటుంది. కొనే ముందు మీ ఊరికి దగ్గర్లో ఉన్న రిపేరు కుర్రాడికి ఆ మోడల్ పేరు చెప్పి ‘దీని బ్యాటరీ, కీబోర్డు మార్చగలవా నాయనా?’ అని అడగండి. ‘అదెంతసేపు సార్’ అన్నాడా... ధర మాట్లాడుకోండి. ‘హైదరాబాద్ పంపాలి’ అన్నాడా... ఇంకో మోడల్ చూసుకోండి.